కాలు నిలిచే గట్టు

ఈతకొలను అనగానే చూపు నీళ్ల మీదికే వెళ్తుంది. ఆ నీళ్లకు అడుగు దూరంలో తడిసిన గట్టు సంగతి ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్ తూర్పు శివార్లలో ఇంటి కొలనులు పెరుగుతున్నాయి. ఆ గట్టును ఎలా కట్టుకోవాలి? ఇప్పటికే ఉన్నదాన్ని ఎలా సరిదిద్దుకోవాలి?

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లినా, నాగోలు మీదుగా ఉప్పల్ దారి పట్టినా, రోడ్డు వారన గ్రానైట్ పలకలు నిలబెట్టిన దుకాణాలు కనిపిస్తాయి. కరీంనగర్ టాన్ బ్రౌన్, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ అక్కడ దొరుకుతాయి. ఇల్లు కట్టుకునేవాళ్లు కుటుంబమంతా కలిసి వచ్చి పలకను అటూ ఇటూ తిప్పించి మెరుపు చూస్తారు. అరచేత్తో నిమిరి నునుపు చూస్తారు. చదరపు అడుగుకు రెండు మూడు రూపాయలు తగ్గించమని గట్టిగా బేరమాడతారు. చెంబెడు నీళ్లు పోయించి, చెప్పులు విడిచి, ఆ పలక మీద నిలబడి చూసేవాళ్లు మాత్రం అరుదు.

హాలుకు, పడగ్గదికి ఆ పరీక్ష లేకపోయినా గడిచిపోతుంది. అదే రాయి, అదే మెరుపుతో ఈతకొలను చుట్టూ కూడా పరుచుకుంటేనే చిక్కు. గట్టు జారుతుందా లేదా అన్నది రాయి ఎంచుకున్న రోజే చాలావరకు తేలిపోతుంది. మిగిలింది మేస్త్రీ వాటం పెట్టిన రోజు తేలుతుంది. ఆ తర్వాత వేసే పూతలు, చాపలు, హెచ్చరిక బోర్డులు ఈ రెండు పొరపాట్లనూ కొంతమేరకే సరిదిద్దగలవు.

నీళ్లలో కొందరు, గట్టు మీద అందరూ

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ కాలనీల్లో రెండొందల గజాల స్థలంలో రెండు మూడంతస్తుల ఇల్లు లేచాక కారు నిలపడానికే చోటు చాలదు. కొలను ఊసే ఉండదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో నడవడం మొదలైంది. ఆ తర్వాత ఈ వైపు వస్తున్న పెద్ద అపార్ట్‌మెంట్లలో క్లబ్‌హౌస్, దాని పక్కన ఈతకొలను ఇప్పుడు మామూలు హంగులు. ఇంకాస్త ముందుకెళ్తే హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం దారుల్లో విల్లాలు, ఫామ్‌హౌస్‌లు వస్తాయి. వారాంతానికి అద్దెకిచ్చేవీ వాటిలో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ కుటుంబానికి కొలనుతో పరిచయం సాధారణంగా అక్కడే, ఏ పుట్టినరోజుకో, వేసవి సెలవుల్లో చుట్టాలు వచ్చినప్పుడో.

అలాంటి ఆదివారం కొలను దగ్గర ఎవరెవరు ఉంటారో గమనిస్తే విషయం సగం అర్థమవుతుంది. నీళ్లలో దిగేది పిల్లలు, కుర్రాళ్లు. గట్టు మీద మాత్రం ఇంటిల్లిపాదీ తిరుగుతారు. మనవడికి తువ్వాలు అందించడానికి వచ్చిన అమ్మమ్మ, పళ్లెంలో మిర్చి బజ్జీలు పట్టుకొచ్చే కోడలు, ఫొటోలు తీస్తూ వెనక్కి వెనక్కి నడిచే బాబాయి, చంకలో పసిపిల్లతో చెల్లెలు. వీళ్లెవరూ ఈతకు రాలేదు. అయినా వీళ్ల పాదాలన్నీ తడి రాతి మీదే ఉన్నాయి. చేతిలో పళ్లెమో పిల్లో ఉన్నవాళ్లు జారితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా కూడా ఉండదు.

పడిపోవడాన్ని మన ఇళ్లల్లో చిన్న విషయంగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాలకు రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో కారణం ఇదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. అందరికన్నా ఎక్కువ ప్రాణాపాయం 60 ఏళ్లు దాటినవాళ్లకు. డెబ్భై ఏళ్ల మనిషికి తుంటి ఎముక విరిగితే శస్త్రచికిత్స, నెలల తరబడి మంచం, ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకుని దగ్గరుండి చూసుకోవడం... ఒక్క జారుడు ఇంటి క్రమాన్నే మార్చేస్తుంది. కొలను పక్కన జారితే తల అంచుకు తగిలి, స్పృహ లేకుండా నీళ్లలో పడే ప్రమాదం అదనం.

పాదం ఎందుకు జారుతుంది

నడిచేటప్పుడు ముందు మడమ నేలను తాకుతుంది, కాస్త ఏటవాలుగా, ముందుకు తోసుకుంటూ. నేల పొడిగా ఉంటే చర్మానికీ రాతికీ మధ్య పట్టు దొరుకుతుంది. మధ్యలో నీటి పొర ఉంటే, మడమ ఆ పొరను పక్కకు నెట్టి రాతిని అందుకోవాలి. నున్నటి పలక మీద ఆ నీటికి పారిపోయే చోటు లేదు. పొర అలాగే ఉండిపోయి పాదం దాని మీదే తేలుతుంది. గరుకు పలక మీద చిన్న చిన్న మొనలు నీటి పొరను చీల్చుకుని పైకి వస్తాయి, పాదం వాటిని పట్టుకుంటుంది. నీళ్లు మొనల మధ్య సందుల్లోకి జారుకుంటాయి.

ఆ గరుకు చాలా పెద్దదేమీ అక్కర్లేదు. శుభ్రమైన నీళ్లతో తడిసే నేలకు ఉపరితలపు ఎత్తుపల్లాలు సుమారు 20 మైక్రాన్లు ఉంటే చాలని బ్రిటన్ ఆరోగ్య భద్రతా విభాగం సూచిస్తుంది. మనిషి వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా కాదు. అందుకే కంటికి మెరవని టైలు కూడా తడిస్తే జారవచ్చు, కొంచెం నిగనిగలాడేది నిలబెట్టనూ వచ్చు. కన్ను చెప్పేది నమ్మడానికి లేదు. తడిపి చూడాలి.

కొలిచే పద్ధతులు లేకపోలేదు. 1940లలో అమెరికా ప్రమాణాల సంస్థలో పెర్సీ సిగ్లర్ అనే పరిశోధకుడు ఊగే లోలకం చివర చెప్పు అడుగు ముక్క బిగించి, అది నేలను రాసుకుంటూ ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి జారుడును కొలిచాడు. బ్రిటన్ రోడ్డు పరిశోధకులు దాన్ని తారురోడ్ల కోసం మెరుగుపరిచారు. ఇప్పటికీ నేలల పరీక్షకు ఆ లోలకమే వాడతారు. చెప్పుల నడకకు ఒక రబ్బరు, ఉత్తకాళ్ల నడకకు అంతకన్నా మెత్తనిది బిగిస్తారు. తడి నేల మీద 36 లేదా అంతకు మించి వస్తే జారే ప్రమాదం తక్కువ. 25 నుంచి 35 వస్తే మధ్యస్థం. 24 లేదా అంతకు తక్కువైతే ఆ నేల మీద నడవడం ఎప్పుడైనా ప్రమాదమే.

జర్మన్లది మరో దారి. సబ్బు కలిపిన నీళ్లు పారుతున్న బల్ల మీద మనిషిని ఉత్తకాళ్లతో నడిపిస్తూ బల్లను మెల్లగా ఏటవాలు చేస్తారు. 12 డిగ్రీల దాకా నిలబడగలిగితే ‘ఏ’ తరగతి, 18 డిగ్రీలకు ‘బీ’, 24 డిగ్రీలకు ‘సీ’. కొలను చుట్టూ నడిచే గట్టుకు, స్నానాల చోటుకు కనీసం బీ కావాలి. నీళ్లలోకి దిగే మెట్లకు, వాలుగా ఉన్న అంచుకు సీ కావాలి.

ఇక్కడే కొనేవాళ్లు మోసపోయే చోటొకటుంది. టైల్స్ డబ్బా మీద ఆర్9, ఆర్10, ఆర్11 అన్న గుర్తులుంటాయి. ఆర్9 అని కనబడగానే జారని టైలు దొరికిందని సంతోషిస్తారు. ఆ వరసలో ఆర్9 అన్నింటికన్నా కింది మెట్టు, ఆర్13 పైమెట్టు. పైగా ఆ పరీక్ష బూట్లు తొడుక్కుని, నూనె పోసిన బల్ల మీద చేసేది. ఉత్తకాళ్ల మాట అది చెప్పదు. కొలను గట్టుకు అడగాల్సింది ఏ, బీ, సీ తరగతి. దుకాణదారు దగ్గర ఆ తరగతి తెలిపే కాగితం లేకపోతే తయారీదారు నుంచి తెప్పించమనడం కొనేవాళ్ల హక్కు.

తాండూరు బండకు సాటి

తెలంగాణలో తడి చోట్లకు తరతరాలుగా వాడుతున్న రాయి మన పక్కనే ఉంది. వికారాబాద్ జిల్లా తాండూరులో దొరికే నాపరాయి, సరిహద్దు దాటితే కర్ణాటకలోని షాబాదు బండ, ఆంధ్రప్రదేశ్ వైపు బేతంచెర్ల, కడప బండలు. ఇవన్నీ సున్నపురాయి జాతివి. పొరలు పొరలుగా చీలతాయి కాబట్టి పై ముఖం సహజంగానే కాస్త ఎగుడుదిగుడుగా వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ పాత ఇళ్లల్లో బట్టలుతికే చోట, నల్లా దగ్గర పరిచిన బండలు ఇవే. పాలిష్ పట్టకుండా వదిలేస్తే తడిలోనూ పట్టు బాగుంటుంది. అదే తాండూరు బండను మెషీన్ పెట్టి అద్దంలా రుద్దించి, ఆ పైన మైనం పూయిస్తే ఆ గుణమంతా పోతుంది. చిత్రంగా చాలా ఇళ్లల్లో డబ్బు ఖర్చు పెట్టి మరీ చేయించేది ఇదే.

నాపరాయికి ఒక బలహీనత ఉంది. ఆమ్లం పడదు. కొలను నీటి పీహెచ్‌ను 7.2 నుంచి 7.8 మధ్య నిలపాలి. అది పెరిగితే తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. ఆ డబ్బా గట్టు మీద ఒలికితే బండ బుసబుసా పొంగి తెల్లగా తినేసిన మచ్చ పడుతుంది. బాత్రూము ఆమ్లంతో కడిగినా అంతే. నాపరాయి గట్టు వేసుకున్నవాళ్లు రసాయనాల గదిని గట్టుకు దూరంగా పెట్టుకోవాలి.

గ్రానైట్ కావాలనుకునేవాళ్లకూ దారులున్నాయి. పాలిష్ పలకను వద్దని, ఫ్లేమ్డ్ ఫినిష్ అడగాలి. పలక మీద నిప్పుజ్వాల ఆడించి తయారుచేసే రకం ఇది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ స్ఫటికాలు 573 డిగ్రీల వేడికి ఒక్కసారిగా ఉబ్బి పై పొరను చిట్లగొడతాయి. పలకంతా గరుకుగా తేలుతుంది. దీనికి పలక మందంగా ఉండాలి, పలచటిదైతే పగులుతుంది. లెదర్ ఫినిష్ చూడ్డానికి బాగుంటుంది, మరకలు పట్టవు. అయితే ఒక్కో దుకాణంలో ఒక్కో రకంగా వస్తుంది, తడిపి చూడకుండా నమ్మడానికి లేదు.

మూడోది బుష్ హ్యామరింగ్. ఇళ్లల్లో తిరగళ్లు, రోళ్లు ఉన్న రోజుల్లో అవి అరిగి నున్నబడితే కక్కు కొట్టేవాళ్లు వీధుల్లోకి వచ్చేవాళ్లు. ఉలితో చిన్న చిన్న గాట్లు పెట్టి రాతికి మళ్లీ పట్టు తెచ్చి, ధాన్యమో డబ్బులో తీసుకుని వెళ్లేవాళ్లు. బుష్ హ్యామర్ చేసేది అచ్చం ఆ పనే, మరతో. పాలిష్ గ్రానైట్ ఇప్పటికే పరిచేసినవాళ్లకు ఇది మంచి కబురు. పలకలు పీకకుండా, పరిచిన చోటే కక్కు కొట్టించుకోవచ్చు. పలక కనీసం అంగుళానికి దగ్గరగా మందం ఉండాలి, కింద మాలు గట్టిగా పట్టి ఉండాలి, బోలుగా మోగితే పగులుతుంది. మెరుపు పోతుందని బాధపడేవాళ్లు కొలను అంచు నుంచి నడిచే దారి వరకు కొట్టించి, గోడ వైపు మిగిలింది అలాగే వదలొచ్చు.

టైల్స్‌లో చిన్నవే మేలు. నాలుగడుగుల పెద్ద పలకలు వేస్తే అతుకులు తక్కువ, అందం ఎక్కువ అని అమ్మేవాళ్లు చెప్తారు. తడి చోట ఆ అతుకులే ఉపయోగపడతాయి. రెండు టైల్స్ మధ్య సన్నటి గాడి నీటికి దారి ఇస్తుంది, పాదానికి అంచు దొరుకుతుంది. కొలను మెట్ల మీద రెండంగుళాల ముక్కలు పరిచేది ఇందుకే.

నీళ్ల దగ్గర రాయిని నున్నగా చేయకూడదన్న ఇంగితం ఈ నగరానికి కొత్తది కాదు. 2022 డిసెంబరు 5న తిరిగి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావికి వెళ్లినవాళ్లు మెట్ల వెడల్పు, రాతి గరుకు చూడొచ్చు. కడవతో ఎక్కే మనిషిని మనసులో పెట్టుకుని చెక్కిన మెట్లవి.

పిల్లలు ఎందుకు పరుగెత్తుతారు

కొలను దగ్గర పరుగెత్తొద్దని పెద్దలు అరుస్తూనే ఉంటారు, పిల్లలు పరుగెడుతూనే ఉంటారు. అది పూర్తిగా అల్లరి కాదు. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో నల్ల గ్రానైట్, ముదురు రంగు టైల్స్ పాదం మోపలేనంతగా కాలుతాయి. ఉత్తకాళ్లతో ఉన్న పిల్లాడు చురుక్కుమని నీళ్ల వైపు ఉరుకుతాడు. మామూలు నడకకు నేల నుంచి కావాల్సిన పట్టు తక్కువే. పరుగెత్తి మలుపు తిరిగేటప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. సరిగ్గా అంచు దగ్గర, అందరూ ఎక్కిదిగి తడి చేసిన చోట, ఆ పట్టు దొరకదు.

అంటే రంగు కూడా భద్రత విషయమే. పసుపు తాండూరు, లేత బూడిద రంగు ఫ్లేమ్డ్ గ్రానైట్ ఎండను కొంత తిప్పికొడతాయి. కొలను పడమటి వైపు ఒక వేపచెట్టో, పైకప్పో ఉంటే మధ్యాహ్నం నీడ గట్టు మీద పడుతుంది. చెట్టయితే ఆకులు రాలతాయి, తడి ఆకు మీద కాలు పడితే జారుతుంది, రోజూ ఊడ్వాలి. ఊడ్చే ఓపిక లేనివాళ్లు పైకప్పుతో సరిపెట్టుకోవడం మంచిది.

వాటం మేస్త్రీ చేతిలో ఉంది

ఎంత గరుకు రాయి వేసినా నీళ్లు నిలిస్తే ఉపయోగం తగ్గిపోతుంది. నిలిచిన చోట పాచి పడుతుంది. పాచి పడ్డాక ఏ రాయైనా ఒకటే.

గట్టుకు సుమారు యాభైకి ఒకటి చొప్పున వాటం పెట్టాలి. పదడుగుల వెడల్పు గట్టుకు ఆ కొస నుంచి ఈ కొసకు రెండున్నర అంగుళాలకు కొంచెం తక్కువ. నడిచేవాళ్లకు తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. వాటం కొలను నుంచి బయటికి ఉండాలి, లోపలికి ఉంటే వాన పడ్డప్పుడు మట్టి, ఆకులు, ఎరువు అన్నీ కొలనులోకే దిగుతాయి. కొలను నిండి పొర్లే రకమైతే అంచు వెంట ఉన్న సన్నటి పట్టీ మాత్రం పొర్లునీటి గాడి వైపు వాలి ఉంటుంది, మిగతా గట్టంతా బయటికే. గట్టు బయటి కొసన పొడవునా ఒక గాడి, దాని మీద జాలీ. జాలీ సందులు పిల్లల కాలివేలు ఇరుక్కోనంత సన్నగా ఉండాలి. మేస్త్రీలు నీటిగొట్టంతో లెవెల్ చూస్తారు. ఆ పని జరుగుతున్నప్పుడు ఇంటివాళ్లు ఒక పూట దగ్గరుండటం ఎంతైనా అవసరం. పలకలు పరిచాక, అతుకులు నింపకముందు బకెట్ నీళ్లు కుమ్మరించి, పది నిమిషాల తర్వాత ఎక్కడ మడుగు మిగిలిందో చూసి సుద్దముక్కతో గీత గీస్తే అక్కడికక్కడే సరిచేయించవచ్చు. తర్వాతైతే పగలగొట్టాలి.

గాడి ఎంత పెద్దదిగా ఉండాలో ఈ ప్రాంతానికి అనుభవమే చెప్పింది. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్ ప్రాంతంలో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వంద గజాల గట్టు మీద 30 సెంటీమీటర్ల వానంటే పాతిక వేల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. రెండంగుళాల పైపు ఒక్కటి పెట్టి గాడి అయిపోయిందనుకుంటే ఆ నీళ్లు గట్టు మీదా, మోటారు గదిలోనూ నిలుస్తాయి. వీలైతే గాడి నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించాలి. క్లోరిన్ కలిసిన కొలను నీళ్లను మాత్రం అందులోకి వదలకుండా వేరే దారి పెట్టాలి.

పాచి, సబ్బు, కొబ్బరినూనె

2004 నుంచి నాగార్జునసాగర్ కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ మీదుగా నగరానికి వస్తున్నాయి. కొలను నింపడానికి మాత్రం చాలాచోట్ల బోరు, ట్యాంకరే దిక్కు. ఈ నేల కింద గ్రానైట్, బోరు నీళ్లు కఠినం. సబ్బుతో ఆ నీళ్లు కలిస్తే నురగ రాదు, జిగటగా తెల్లటి తెట్టు కడుతుంది. కొలను పక్కన షవరు ఉన్న చోట గమనిస్తే ఆ తెట్టు కాళ్లకే తెలుస్తుంది. ఇంకా నీళ్లలోని సున్నం ఎండి ఎండి రాతి గరుకు సందుల్ని పూడ్చేస్తుంది. కొత్తలో నిలబెట్టిన టైలు రెండేళ్లకు జారడం మొదలైతే కారణం తరచు ఇదే. షవరును గట్టు మధ్యలో కాకుండా పక్కగా, తన గాడితో, తన వాటంతో విడిగా కట్టుకోవాలి.

నూనె సంగతి మన ఇళ్లకే ప్రత్యేకం. క్లోరిన్‌కు జుట్టు పాడవుతుందని పిల్లల తలలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి కొలనుకు పంపుతారు. ఆ నూనె గట్టు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది, నీటి మీద తెట్టులా తేలి పొర్లినప్పుడు అంచుకు అంటుకుంటుంది. నూనె మీద నీళ్ల కన్నా ఘోరంగా జారుతుంది. ఉత్త నీళ్లతో తలస్నానం చేసి, టోపీ పెట్టుకుని దిగితే జుట్టుకూ మేలు, గట్టుకూ మేలు. నూనె, ఈతయ్యాక ఇంటికొచ్చి రాయొచ్చు.

వానాకాలం నాలుగు నెలలూ వారానికోసారి గట్టును గట్టి పీచు బ్రష్‌తో రుద్దాలి. గోడ నీడలో ఉండే వైపు ముందుగా పాచి పడుతుంది, అక్కడ ఇంకాస్త తరచుగా. బ్లీచింగ్ పౌడరును నీళ్లలో కలిపి, తేటను పోసి, కాసేపుంచి రుద్ది, మంచినీళ్లతో కడిగేస్తే పాచి చస్తుంది. ఒక్క విషయంలో ఏమరుపాటు పనికిరాదు. బ్లీచింగ్ పౌడరునూ ఆమ్లాన్నీ ఒకే బకెట్లో గాని, ఒకే నేల మీద ఒకదాని వెంట ఒకటి గాని వాడకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. గట్టు శుభ్రం చేసే పనిమనిషికి, వాచ్‌మన్‌కు ఈ మాట ఇంటివాళ్లు స్వయంగా చెప్పాలి. డబ్బాల మీద ఇంగ్లిషులో రాసి ఉందని సరిపెట్టుకోవడం అన్యాయం.

ఉన్న గట్టుకు వైద్యం

అందరూ కొత్తగా కట్టుకోరు. అపార్ట్‌మెంట్ సంఘం చేతికి వచ్చిన గట్టు అప్పటికే పాలిష్ గ్రానైట్‌తో తయారై ఉంటుంది. ముందు చేయాల్సింది ఖరీదు లేని పని: నూనె, సబ్బు తెట్టు, సున్నం పూర్తిగా వదిలేలా ఒకసారి లోతుగా కడిగించి, తడిపి, నడిచి చూడటం. కొన్ని గట్లు అంతటితోనే బాగుపడతాయి.

బాగుపడకపోతే మూడు దారులు. రాతికి కక్కు కొట్టించడం మొదటిది, ఎక్కువ కాలం నిలిచేదీ అదే. రెండోది, ఆమ్ల ద్రావణంతో పై ముఖాన్ని సన్నగా తినిపించే యాంటీ స్లిప్ చికిత్స. టైల్స్ కంపెనీలు, రసాయనాల కంపెనీలు చేస్తాయి. రంగు పెద్దగా మారదు, కానీ పాదాల ఒరిపిడికి అరిగి కొన్నాళ్లకు మళ్లీ చేయించాల్సి వస్తుంది. ఆ ద్రావణాల్లో కొన్ని చాలా ప్రమాదకరమైనవి, ఇంటివాళ్లు సొంతంగా ప్రయత్నించకూడదు. నాపరాతికైతే అసలే వద్దు. మూడోది, సన్నటి ఇసుకరేణువులు కలిపిన పారదర్శక పూత. చవక, త్వరగా అవుతుంది, ఎండకూ క్లోరిన్‌కూ పెచ్చులు లేస్తుంది.

రంధ్రాల రబ్బరు చాపలు తాత్కాలికంగా పనికొస్తాయి, రోజూ ఎత్తి ఆరబెడితేనే. ఎత్తకుండా వదిలేస్తే వాటి కిందే పాచి పెరుగుతుంది, చాపతో సహా మనిషి జారతాడు. ప్లాస్టిక్ పచ్చిక గురించి కూడా ఇదే జాగ్రత్త.

అంచు, మెట్టు, కరెంటు

కొలను అంచు రాయి గుండ్రంగా మలచి ఉండాలి, పదునుగా ఉంటే పడ్డ మనిషికి గాయం లోతవుతుంది. నీళ్లలోకి దిగే ప్రతి మెట్టు కొసనా వేరే రంగు పట్టీ కావాలి, నీలం కొలనులో నీలం మెట్టు కంటికి ఆనదు. కనీసం ఒక పక్క పట్టుకునే కడ్డీ ఉండాలి. స్టీలులో 304 రకం క్లోరిన్‌కు తుప్పు చుక్కలు వేస్తుంది, 316 కాస్త ఖరీదైనా నిలుస్తుంది. లోతు ఎంతో గట్టు మీదే అడుగుల్లో, తెలుగులో రాయించాలి.

తడి పాదానికీ కరెంటుకూ మధ్య దూరం ఉండాలి. నీటిలోపలి దీపాలు 12 వోల్టులవే అయి ఉండాలి. మోటారు, దీపాలు, గట్టు దగ్గరి ప్లగ్గులు అన్నీ కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మీదుగా రావాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి. స్పీకర్ల కోసం ఎక్స్‌టెన్షన్ వైరు గట్టు మీదుగా లాగే అలవాటు ఫామ్‌హౌస్ విందుల్లో బాగా కనిపిస్తుంది. అది కాలికి తగిలినా ప్రమాదమే, తడిసినా ప్రమాదమే.

ఇక కంచె. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు, వాళ్లలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలు. ఇంటిని కూడా అవతల పెట్టి కొలనును నాలుగు వైపులా చుట్టే నాలుగడుగుల కంచె, దానంతట అది మూసుకుని గడియ పడే తలుపు, ఇవే పసిపిల్లల ప్రాణాలు కాపాడతాయని పరిశోధనలు తేల్చాయి. మూడు వైపులా కంచె వేసి నాలుగో వైపు ఇంటి తలుపును వదలడం చాలదు. నిలువు కడ్డీల మధ్య నాలుగంగుళాలకు మించి సందు ఉండకూడదు. అడ్డకడ్డీలు పిల్లలు ఎక్కే మెట్లవుతాయి. జారని గట్టు ఉందన్న ధైర్యంతో దీన్ని మానుకోవడానికి లేదు.

కొలను లేని ఇంటికీ

ఈ సంగతులు దిల్‌సుఖ్‌నగర్ రెండొందల గజాల ఇంటికి ఇంకా ఎక్కువ వర్తిస్తాయి. అక్కడ కొలను లేదు గానీ, బాత్రూము, వాష్ ఏరియా, సంపు మూత చుట్టూ ఉన్న చోటు, డాబా మెట్లు, పార్కింగ్‌లోకి దిగే ర్యాంపు ఉన్నాయి. ఇటీవలి ఇళ్లల్లో ఇవన్నీ హాలులో మిగిలిన నున్నటి టైల్స్‌తోనే పూర్తవుతున్నాయి. బాత్రూముకు విడిగా చిన్న, గరుకు టైల్స్, కమోడు పక్కన ఒక కడ్డీ, సబ్బునీళ్లు గుమ్మం వైపు రాకుండా మూలకు వాటం. పెద్దవాళ్లున్న ఇంట్లో వీటికి అయ్యే ఖర్చు పూజగది తలుపు నగిషీ ఖర్చు కన్నా తక్కువ. ర్యాంపుకు పాలిష్ గ్రానైట్ పరిచి, వానకు స్కూటీ జారాక సిమెంటు గీతలు గీయించేవాళ్లున్నారు. ముందే గాట్లున్న కాంక్రీటు వేస్తే సరిపోయేది.

కొనేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఎవరికైనా అందుబాటులో ఉన్నదే. నచ్చిన రెండు మూడు రకాల ముక్కలు ఇంటికి తెచ్చుకుని, నేల మీద కదలకుండా ఆనించి, సబ్బునీళ్లు పోసి, ఒకరు చెయ్యి పట్టుకుని ఉండగా ఉత్తకాలు మోపి ముందుకు నెట్టి చూడాలి. తేడా వెంటనే తెలుస్తుంది. కాంట్రాక్టరుతో రాసుకునే కాగితంలో యాంటీ స్కిడ్ అన్న మాట ఒక్కటీ చాలదు. గట్టుకు ఉత్తకాళ్ల తరగతి బీ, మెట్లకు సీ, వాటం యాభైకి ఒకటి అని అంకెలతో రాయించుకుని, గట్టు మీద నీళ్లు కుమ్మరించి, మడుగు నిలవలేదని చూసుకున్నాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వాలి.